ఒకే గీత మీద రెండు చోట్లు

నడిమేకు ఊరు. ఆకాశపు గొంతు ఆగిపోయిన అరవై రెండో ఏడు. ఎండకారు, మూడో రోజు.

రాసుకుంటున్నది బోధకుడు దాలయ్య. నన్ను బోధకుణ్ణి చేసింది ఏ సంఘమూ కాదు. త్రిభుజాల గ్రంథం నాకు నేనే కూడబలుక్కుని చదివాను, పన్నెండు అధ్యాయాలూ చదివాను. మా ఊరి మట్టం సంఘం పెద్దలు అయిదో అధ్యాయంతో పుస్తకం మూసేశారు, ఎందుకంటే లంబకోణం గొప్పతనం అక్కడితో అయిపోతుంది. తర్వాతవి తెరిస్తే పాపం అంటారు. తెరవకుండా ఎలా తెలిసిందో నాకు చెప్పరు.

ఈ ఉదయం సంఘం వాకిట్లో ఒక మేకను నిలబెట్టి విచారించారు. అది పశువుల దొడ్డి నుంచి తొట్టె దగ్గరికి అడ్డంగా నడిచింది. మా ఊళ్ళో ఎవరైనా సరే తూర్పు పడమరలుగా కొంత, ఉత్తర దక్షిణాలుగా కొంత నడవాలి. మలుపు దగ్గర ఆగి, లంబకోణం సరిచూసే వడ్రంగి మూలమట్టాన్ని కళ్ళకద్దుకోవాలి. సముద్రం వెనక్కి పోయి ఈ ఉప్పునేల మిగిలినప్పుడు, దారి చెప్పే ఆకాశపు గొంతు కూడా మూగబోయినప్పుడు, తాడూ మేకులూ మూలమట్టమూ పట్టుకుని నడిచినవాళ్ళు ఇంటికొచ్చారు. అడ్డంగా పడి పోయినవాళ్ళు రాలేదు. అది నిజమే. కానీ తొట్టె కనపడుతూనే ఉంది కదా, మేకకి తాడెందుకు?

"దాని కళ్ళకి మట్టం చూపించి ఒగ్గీండి" అని తీర్పు చెప్పాడు పెద్దమట్టం కూర్మయ్య. పెద్దమట్టం అంటే సంఘానికి పెద్ద. మేక మట్టాన్ని నాకింది. భక్తి కుదిరిందన్నారు.

నేను నవ్వుతుండగా కావలిమంచె మీద నుంచి సీతాలు కేక పెట్టింది.

"బోదకుడా! ఈశాన్యంలో అద్దం మెరుత్తంది. మూడు పొడుగు, నాలుగు పొట్టి!"

మూడు పొడుగులంటే బండి కూరుకుపోయిందని. నాలుగు పొట్టివంటే నాలుగు రోజుల నీళ్ళే ఉన్నాయని. ఆ దిక్కున ఉన్న బృందం ఒక్కటే. ఊట వెతకడానికి మొన్న ఉప్పుమిల్లు నుంచి బయల్దేరిన ముగ్గురు: ముసలి గవిరయ్య, పడుచువాడు నాగులు, వాళ్ళకి నాయకురాలు నూకరత్నం.

నూకరత్నం నా భార్య.

నాలుగో రోజు.

చేతిలో ఉన్నవి మూడు సంగతులు. మా మంచె నుంచి మిల్లు సరిగ్గా తూర్పున, పది కోసుల దూరం. మంచె మీద కోణం పళ్ళెం పెట్టి సీతాలు చూసింది: మిల్లు దిక్కుకీ అద్దం మెరుపుకీ మధ్య ముప్పై డిగ్రీలు. మూడోది మిల్లు నుంచి తీగ మీద వచ్చిన కబురు. బృందాలు తమ గడియారంలో పన్నెండు కొట్టగానే ఒక తూటా పేల్చాలి. మిల్లులో గడియారం దాంతో కలిపి ఉంటుంది. చప్పుడు తొమ్మిది సెకన్లు ఆలస్యమైతే ఒక కోసు. నిన్న యాభై నాలుగు సెకన్లకి వినిపించిందట. అంటే మిల్లుకి ఆరు కోసుల దూరం. అదే ఆఖరి తూటా కాబోలు, ఈ రోజు ఏమీ వినపడలేదని మిల్లువాళ్ళు చెప్పారు.

ఆ చప్పుడు మా ఊళ్ళో ఎందుకు వినపడలేదని అడగకండి. పన్నెండింటికి సంఘం గంటలు మోగుతాయి. లంబకోణానికి తొంభై గంటలు. ఆ మోతలో ఆకాశం విరిగిపడ్డా మాకు తెలియదు.

సంఘం కూర్చుంది. నేను నేల మీద బొమ్మ గీశాను: మంచె, మిల్లు, మనుషులు. మూడు మూలలు. కూర్మయ్య చాలాసేపు చూశాడు.

"ఇందులో తొంబై ఏది?"

"లేదు పెద్దమట్టం. ఇది లంబకోణ త్రిభుజం కాదు."

"తొంబై నేకుండా తిరిబుజం ఏటయ్యా? మూడు గీతలు కొట్టుకు సచ్చినట్టుంది!"

పెద్దలంతా నవ్వారు. అవతల మనుషులు దాహంతో ఉన్నారు, ఇక్కడ వీళ్ళు నీళ్ళు తాగి గొంతు సవరించుకుని మరీ నవ్వారు. తర్వాత చర్చించారు. తర్వాత, చదివే అన్నలారా అక్కలారా, ఒట్టేసి చెబుతున్నాను, ఒక తీర్మానం చేశారు: మనుషులున్న మూల దగ్గర కోణం తొంభై డిగ్రీలని సంఘం ఏకగ్రీవంగా నిర్ణయించడమైనది.

"అలా అయితే మిల్లుకి అయిదు కోసులే రావాలి" అన్నాను. "చప్పుడు ఆరని చెప్పింది."

కూర్మయ్య తొణకలేదు. "మిల్లుకి తీగ కొట్టండి. నలబై అయిదు సెకన్లకే ఇనపడ్డట్టు రాసుకోమనండి."

అప్పుడు నాలో నిప్పు లేచింది. గ్రంథం తెరిచి, తొమ్మిదో అధ్యాయం నాలుగో వచనం, వాకిలి దద్దరిల్లేలా చదివాను: "ప్రతి భుజమూ తన ఎదుటి కోణానికి కట్టుబడి ఉన్నది. భుజాన్ని ఎదుటి కోణపు సైనుతో భాగించుము. మూడు వైపులా ఒకే అంకె వచ్చును." చూడండయ్యా, తొంభై ఉండాలని ఎక్కడైనా ఉందా? వంకర త్రిభుజాన్ని కూడా సృష్టించినవాడు వదిలెయ్యలేదు, మీరు వదిలేశారు! ముప్పై డిగ్రీల సైను అర. దాని ఎదుటి భుజం ఆరు. ఆరుని అరతో భాగిస్తే పన్నెండు. అదే అంకె మూడు వైపులా రావాలి. కాబట్టి మనుషులున్న మూలకి ఎదుటి భుజం పదిని పన్నెండుతో భాగిస్తే ఆ మూల సైను. పట్టిక చూశాను: యాభై ఆరు డిగ్రీల చిల్లర. మిల్లు దగ్గర మూలకి మిగిలింది తొంభై మూడున్నర. తొంభైకి పక్కనే కాబట్టి దాని సైను దాదాపు ఒకటి. ఒకటి పన్నెండ్లు పన్నెండు!

"మంచె నుంచి పన్నెండు కోసులు! అదిగో నా భార్య!" అని వేలు చూపించాను.

సీతాలు మంచె మీద నుంచి అంది. "బోదకుడా, నాను పల్లెం పట్టుకుని మిల్లుకెల్లి అక్కడ నిచ్చెనెక్కి ఓ పాలి కోణం సూత్తునా? రెండు చోట్ల నుంచి సూత్తే మంచిది గదా."

"రోజు వృథా" అన్నాను. "జవాబు వచ్చేసింది."

కూర్మయ్య గడ్డం నిమురుకున్నాడు. నా గొంతుకి భయపడ్డాడో, ఊళ్ళో ఆడవాళ్ళు గుమిగూడుతున్నారని భయపడ్డాడో, చివరికి ఒక రాజీ చెప్పాడు. "లెక్క నీది, నడక మాది. లెక్క ఎంత వంకరగానైనా సేసుకో. బండి మాత్తరం తాడు మీద మట్టంగా నడవాల. తూరుపుకి పది కోసుల చిల్లర, అక్కణ్ణుంచి ఉత్తరానికి ఆరు. ఎర్రన్న మూలమట్టం పట్టుకుని కూడా వత్తాడు."

అంటే మూలగా పన్నెండు కోసుల దారికి పదహారు పైన నడవడం. మామూలు రోజైతే అరిచి చెప్పేవాణ్ణి. కానీ నా లెక్కని సంఘం ఒప్పుకోవడం పదకొండేళ్ళలో ఇదే మొదటిసారి. ఆ తీపి నాలుక మీద కరుగుతూ ఉంది.

సరే అన్నాను.

అయిదో రోజు.

బండి మీద నాలుగు పీపాల నీళ్ళు. లాగడానికి ఇద్దరు మనుషులు. ముందు ఎర్రన్న, మూలమట్టాన్ని చంటిబిడ్డలా గుడ్డలో చుట్టి గుండెకి ఆనించుకుని. వాడికి మాట తక్కువ. పుట్టుకతో వడ్రంగి, సంఘం పిలుపుతో మట్టం మోసేవాడు. దారంతా వాడికి తొమ్మిదో అధ్యాయం బోధించాను. కొయ్యకి బోధించినా చివురు వేసేదేమో.

"ఎర్రన్నా, ఏటవాలు దారి పాపమని నీ గుండె నిజంగా ఒప్పుకుంటుందా?"

"నాకేటి తెలుసు బావూ. పట్టుకోమన్నారు, పట్టుకున్నాను."

మధ్యాహ్నం నాలుగున్నర కోసుల మేకు దాటుతుంటే ఎడమ పక్క దూరంగా ఏదో తళుక్కుమంది. ఉప్పు అనుకున్నాను. ఈ నేల మీద తళుకులకి కొదవా! ఆ దిక్కున, అంత దగ్గరలో, నా లెక్క ప్రకారం ఎవరూ ఉండకూడదు. ఎర్రన్న కూడా తల తిప్పాడు.

"తాడు మీద చూపు ఉంచవయ్యా" అన్నాను. సంఘం మాట నా నోట్లోంచి వచ్చింది. అప్పుడు గమనించలేదు.

ఏడో రోజు.

సంఘం లెక్కలో మట్టంగా, నా లెక్కలో కచ్చితంగా, మధ్యాహ్నానికి చోటు చేరాం. చుట్టూ తెల్లటి ఉప్పు తప్ప ఏమీ లేదు. చక్రం జాడ లేదు, మనిషి అడుగు లేదు. బాకా ఊదించాను. అరకోసు దూరం నాలుగు వైపులా మనుషుల్ని పంపించాను. మళ్ళీ ఊదించాను. మిల్లులో గడియారాన్ని తిట్టాను, సీతాలు కళ్ళని తిట్టాను, పళ్ళేన్ని తిట్టాను. నూకరత్నం ఈ పాటికి ఆఖరి గుక్క పంచుకుంటూ ఉంటుంది, అదీ ఇంకా మిగిలి ఉంటే.

ఎర్రన్న బండిలోంచి ఒక పుల్ల తీసుకున్నాడు. ఉప్పు మీద చతికిలబడ్డాడు. జానెడు ఒక కోసు అనుకుని పది జానల గీత గీశాడు. ఒక చివర మంచె అన్నాడు, ఒక చివర మిల్లు. మంచె దగ్గర నుంచి ముప్పై డిగ్రీల ఏటవాలున ఇంకో పొడుగు గీత లాగాడు. మిల్లు దగ్గర మేకు గుచ్చి, ఆరు జానల తాడు కట్టి, చివర పుల్ల పెట్టి గుండ్రంగా తిప్పాడు. వడ్రంగులు చక్రం గీసినట్టు.

పుల్ల ఏటవాలు గీతని ఒక చోట కోసింది. అది మేమున్న చోటు. వాడు తిప్పడం ఆపలేదు. పుల్ల ఇంకాస్త వెనక్కి వెళ్ళి అదే గీతని మళ్ళీ కోసింది.

"రెండు సోట్ల తగులుతంది బావూ" అన్నాడు ఎర్రన్న. "ఇది కాకపోతే అది."

ఆ రెండో చోటు మా ఊరికి అయిదు కోసుల చిల్లర. ఎడమ పక్క తళుక్కుమన్న దిక్కు.

గ్రంథం తెరిచాను. తొమ్మిదో అధ్యాయం, పదిహేడో వచనం: "రెండు భుజములును, వాటి నడుమ లేని కోణమును నీ చేతనున్నప్పుడు, ఆగుము. నీ యెదుట నిలిచినది ఒకరు కాక ఇద్దరు కావచ్చును." ఈ వచనం నాకు తెలియక కాదు. దీని మీద పదకొండు పెళ్ళిళ్ళలో ప్రసంగించాను! కోపం వచ్చినప్పుడు ఆగు, నువ్వు ఒక్కడివి కాదు, నీ ఎదుట నీ భార్య కూడా ఉంది అని, కొత్త జంటలు కళ్ళు తుడుచుకునేలా చెప్పాను. అది లెక్క అని, యాభై ఆరున్నరకి ఎంత సైనో దాన్ని నూట ఎనభైలోంచి తీసేస్తే వచ్చే నూట ఇరవై మూడున్నరకీ అంతే సైను అని, పట్టిక తొంభై దగ్గర ఆగిపోతుంది కాబట్టి ఆ రెండోది మనమే వెతుక్కోవాలని, ఒక్క పెళ్ళిలోనూ తట్టలేదు. గ్రంథాన్ని సగంలో మూసేసినవాళ్ళని వెక్కిరించాను. తెరిచి పెట్టుకుని చదవనివాడు ఎవడో ఇప్పుడు తెలిసింది.

ఇంకొకటి. ఆ రెండు చోట్లూ ఒకే గీత మీద ఉన్నాయి, మా మంచె నుంచి మెరుపు వైపు పోయే గీత మీద. మొదటి రోజే దాని మీద తిన్నగా నడిచి ఉంటే, నా లెక్క తప్పైనా సరే, ఆ సాయంత్రానికి ముందు నూకరత్నమే తగిలేది. తప్పు లెక్కని కూడా ఆ దారి దిద్దేది. ఆ దారిని నేను ఒక మెచ్చుకోలుకి అమ్ముకున్నాను.

దూరంగా నైరుతిలో, సీతాలు తిప్పే మా మంచె అద్దం ఆకాశం అంచున చుక్కలా మెరుస్తోంది.

"దాన్ని చూసుకుంటూ తిన్నగా పోదాం" అన్నాను.

బండి లాగేవాళ్ళు బిగుసుకుపోయారు. "తాడు నేదు, మేకు నేదు. ఉప్పు మింగేత్తాది బాబూ!"

ఎర్రన్న లేచి, మూలమట్టాన్ని గుడ్డతో సహా బండిలో పీపాల పక్కన పడేశాడు. కాడి తనే అందుకున్నాడు. వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని వెనక వచ్చారు. ఉప్పు ఎవర్నీ మింగలేదు. పొద్దు వాలేవరకూ నాలుగు కోసులు నడిచాం.

ఎనిమిదో రోజు.

పొద్దెక్కేసరికి కనపడ్డారు. పక్కకి ఒరిగిన బండి, దాని నీడలో ముగ్గురు. నూకరత్నం అద్దం ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. పెదవులు పగిలి నెత్తురు కట్టాయి. నాగులు కళ్ళు తెరవకుండానే నీళ్ళు తాగాడు. గవిరయ్య మొహం మీద గుడ్డ కప్పి ఉంది.

"ఎప్పుడు?" అని అడిగాను.

"నిన్న మద్దేనం."

నిన్న మధ్యాహ్నం నేను ఆరున్నర కోసుల అవతల బాకా ఊదిస్తున్నాను.

ఆమె నీళ్ళు తాగడం అయ్యేదాకా ఆగాను. తర్వాత నైరుతి వైపు తిరిగి చూశాను. మా మంచె. అద్దమే కాదు, మంచె కాళ్ళు కూడా లెక్కపెట్టొచ్చు అనిపించేంత స్పష్టంగా ఉంది.

"కనపడుతూనే ఉంది కదే" అన్నాను. "ఎందుకు నడిచి రాలేదు?"

"బండి కూరుకున్నప్పుడు మా మట్టం ఇరిగిపోనాది. గవిరయ్య మాఁవ అడ్డంగా అడుగెయ్యనన్నాడు. నాగులు భయపడ్డాడు."

"వాళ్ళ సంగతి సరే. నువ్వు?"

నూకరత్నం నా వైపు చూసిన చూపు ఏ వచనంలోనూ లేదు.

"పదకొండేల్ల నుంచి ఏటవాలు, ఏటవాలు అని గొంతు సించుకుంటన్నావు మాఁవా. ఇంటి నుంచి నుయ్యి కాడికి ఒక్కనాడైనా అడ్డంగా నడిసేవా? సంఘం వాకిట్లో మలుపు కాడ నువ్వూ మట్టం కళ్ళకద్దుకుంటావు. రోజూ సూత్తాను. నువ్వే నడవనిది, నానెలా నడుత్తాననుకున్నావు?"

ఎర్రన్న అటు తిరిగి బండి చక్రం చూస్తున్నట్టు నటించాడు.

గవిరయ్యని బండి మీద పడుకోబెట్టి, మంచె మీద చూపు నిలిపి, సాయంత్రానికి ఊరు చేరాం.

తొమ్మిదో రోజు.

కూర్మయ్య తెల్లారుతూనే మా ఇంటికి వచ్చాడు. మలుపు మలుపుకీ ఆగుతూ వచ్చాడు, అరుగు మీద తిన్నగా కూర్చున్నాడు. నూకరత్నం లోపల పడుకుని ఉంది.

"పోనోడు ఎలాగా పోనాడు దాలయ్యా. ఊళ్ళో ఏం సెప్పాలన్నదే ఇప్పుడు మాట. గవిరయ్య పన్నెండో కోసు కాడ దొరికాడని సెబుదాం. నీ లెక్కా తప్పవదు, మా నడకా తప్పవదు. తొమ్మిదో అద్దియం ఇక నుంచి సంఘంలో సదివిద్దాం. నువ్వే సదువు. ముప్పై డిగ్రీల మట్టం ఒకటి సెయ్యమని ఎర్రన్నకి సెప్పేను. మెరుపు దారికి అది పూజలో పెడతాం."

వినండి. నిన్నటిదాకా తొంభైకి గంటలు కొట్టారు, రేపటి నుంచి ముప్పైకి కొడతారు. కొట్టనీ. నాకు సిగ్గేసింది దానికి కాదు. ఒక్క క్షణం, కేవలం ఒక్క క్షణం, సంఘంలో నిలబడి తొమ్మిదో అధ్యాయం చదువుతున్న నన్ను నేను చూసుకున్నాను. బాగానే ఉన్నాను.

లేచి గవిరయ్య ఇంటికి వెళ్ళాను. కూర్మయ్య నా వెనకే వచ్చాడు. నేను సందుకి అడ్డంగా నడిచాను కాబట్టి ఆయన వెనకబడ్డాడు.

గవిరయ్య భార్య సన్నెమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. ఏడుపు అయిపోయిన మొహం.

"ఎంత దూరంలో పోనాడు బోదకుడా? అందనంత దూరమని అంటన్నారు."

"అయిదు కోసుల చిల్లర" అన్నాను.

"నడిత్తే?"

"పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం అన్నం వేళకి."

అప్పటికి మలుపులు తిరిగి కూర్మయ్య వచ్చాడు. "అమ్మా, దాలయ్యకి ఎండదెబ్బ..." అని మొదలుపెట్టాడు.

"ఎండదెబ్బ కాదు" అన్నాను. "లెక్కలో రెండు జవాబులుంటే నేను ఒకటే చూశాను. ఆ తప్పు నాది. తిన్నగా నడిచి ఉంటే ఆ తప్పుతో కూడా ఆయన బతికేవాడు. మట్టంగా నడవాలన్నది వీళ్ళు, సరేనన్నది నేను. ఎవరి వంతు ఎంతో నువ్వే తేల్చుకో తల్లీ."

తిడుతుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. ఆమె కొంగు బిగించుకుని లేచింది.

"ఆ సోటు నాకు సూపించాల. ఇప్పుడే. ఆయన కూకున్న కాడ నాను కూకుని ఇక్కడికి ఎంత కనపడతాదో సూడాల."

"పది రోజులాగి మట్టంగా..." అన్నాడు కూర్మయ్య.

"తిన్నగా" అంది సన్నెమ్మ.

ఇది రాసి చెప్పులు తొడుక్కుంటున్నాను. ఎర్రన్న నీళ్ళ తిత్తి తెచ్చాడు. నూకరత్నం తనూ వస్తానంటే వద్దన్నాను. నా మాట వినలేదు, తలకి గుడ్డ చుట్టుకుంటోంది. ఊరు దాటే చోట కూర్మయ్య పదిమందిని అడ్డం నిలబెట్టాడని కబురు వచ్చింది. ఈసారి ముందు నేను నడుస్తాను.